మేడ మీద గాలి బూట్లు

విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల బట్టల కొట్లలో పనిచేసే ఆడపిల్లలు కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. కొనడానికి వచ్చినవాళ్లు పరుపు మీద కూర్చుంటారు, యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, చీరలు కూడా హాయిగా పడుకుని ఉంటాయి. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు మళ్లీ దించేదాకా నిలబడి ఉండేది వీళ్లొక్కరే. బేరం లేనప్పుడు ఒక కాలి మీది బరువు రెండో కాలి మీదకు మార్చుకుంటారు. వాళ్లకు తెలిసిన విశ్రాంతి అదే.

అలా పదకొండేళ్లు నిలబడ్డవాళ్లలో మా మరదలు ఒకతె. మా ఆవిడ పిన్ని కూతురు. కాళ్లలో నరాలు నీలంగా పైకి తేలాక ఆ పని మానేసి, విశాఖలో బ్యూటీ పార్లర్ పని నేర్చుకుని వచ్చి, ఒక ఇత్తడి సామాన్ల కొట్టు మీద మేడగది తీసుకుంది. వీధిలోంచి పద్దెనిమిది మెట్లు ఎక్కితే ఆ గది. ఒక అద్దం, రెండు కుర్చీలు, పాదాలు కడిగే ప్లాస్టిక్ తొట్టె, కిటికీకి పూల కర్టెను. "బావా, నాకంటూ ఒక తలుపుంది. నాను తీస్తే తెరుసుకుంటాది, నాను ఏస్తే మూసుకుంటాది" అని ఆ మొదటి రోజు తాళంచెవి నా ముందు ఊపి చూపించింది. పెళ్లి మీద మనసు లేదని ఏనాడో చెప్పేసిన మనిషికి ఆ తలుపే సంసారం.

హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లిన మరుసటి ఏడాది, విశాఖలో తను పని నేర్చుకున్న చోటు మూసేస్తూ సామాను అమ్మేస్తున్నారని తెలిసి వెళ్లింది. గాలి యంత్రంతో తిరిగి వచ్చింది. పాత టేప్‌రికార్డరంత పెట్టె, దానికి సన్నని గొట్టాలు, గొట్టాల చివర తొడదాకా వచ్చే రెండు నల్లని బూట్లు. బూట్లంటే తోలువి కావు. లోపల గాలితిత్తుల అరలున్న గుడ్డ సంచులు. కాళ్లు పెట్టి జిప్పు లాగి మీట నొక్కితే ముందు పాదం దగ్గర అర నిండుతుంది, తర్వాత చీలమండ, తర్వాత పిక్క, మోకాలు, తొడ. అన్నీ బిగిసి ఒక్క క్షణం ఆగి, ఉస్సుమని వదిలేస్తాయి. మళ్లీ మొదలు. పెద్ద ఊళ్లలో పరుగులు తీసేవాళ్లూ, విమానాల్లో తిరిగేవాళ్లూ అలసట తీరడానికి చేయించుకుంటారట. మా మరదలు దాన్ని ప్యాసింజరు రైల్లో తెచ్చింది. కొత్తవలసలో ఎక్కిన ఒక ముసలాయన సంచిలోంచి బయటికి చాచుకున్న బూట్లను చూసి, "ఎవలి కాళ్లమ్మా అవి?" అని అడిగాడట.

"మా బావవి. ఇంట్లో ఒగ్గేసి తిరుగుతాడు" అందట ఈవిడ.

మొదట నా కాళ్లమీదే ప్రయోగం జరిగింది.

"ఏటైనా అయితే అక్క ఒకర్తే కదా ఏడుస్తాది. బేగి కూకో."

కూర్చున్నాను. రోజంతా వార్తల కోసం మోటారు సైకిలు మీద తాసిల్దారు ఆఫీసుకూ పోలీసు స్టేషనుకూ తిరిగిన కాళ్లు. ఆ పట్టు ఇప్పటికీ గుర్తే. చిన్నప్పుడు జ్వరం వస్తే మా నాయనమ్మ మంచం చివర కూర్చుని కాళ్లు పిసికేది. ఆమె చేతులు కూడా పాదం దగ్గర మొదలై పైకి వచ్చేవి, మోకాలు దగ్గర కాసేపు ఆగేవి. యంత్రానికి ఆ ఆగడం ఎవరు నేర్పారో తెలియదు. ఇరవై నిమిషాల తర్వాత లేచి నిలబడితే కాళ్లు కొత్తగా ఇచ్చినట్టున్నాయి.

"ఎలాగున్నాది?"

"బాగుంది."

"బాగుందంటే సరిపోదు. పేపర్లో రాసినట్టు సెప్పు."

కానీ ఊళ్లో ఆడవాళ్లు ఆ బూట్ల దగ్గరికి రాలేదు. మెట్టెలు, పట్టీలు తీసి కాళ్లు పెట్టాలి, లేకపోతే లోపలి గాలితిత్తి చిరుగుతుంది. పట్టీలు తీస్తారు సరే, మెట్టెలు ఎవరు తీస్తారు? కనుబొమలు దిద్దించుకోవడానికి వచ్చినావిడ ఒకరు ఆ మాట వినగానే, "మా ఆయన శుభ్రంగా ఉన్నాడమ్మా, నీకేటి పోయేకాలం?" అని చెప్పులు తొడుక్కుని దిగిపోయింది. విశాఖలో ఎవరికీ రాని ఈ ఇబ్బంది మా ఊళ్లో వస్తుందని మరదలికి తట్టలేదు. నెల రోజులు యంత్రం మీద దుప్పటి కప్పి ఉంది.

దారి చూపింది కింది కొట్టు షావుకారు గారి భార్య. ఆ గది వాళ్లదే. ఆవిడ అరవై దాటిన భారీ మనిషి. పొద్దున పూజ అయ్యాక మధ్యాహ్నం దాకా కొట్లో లోపలి గద్దె మీద కూర్చుని బిందెలకూ చెంబులకూ బేరం చెప్పేది. కూర్చున్నా కాళ్లు పీకుతాయని నాకు తెలిసింది ఆవిడ వల్లనే. ఒకరోజు మెత్తని పాత నూలుచీర పట్టుకుని పైకి వచ్చి, అంచు చింపి, రెండు కాళ్ల వేళ్లకూ పురిటి బిడ్డకు గుడ్డ చుట్టినట్టు చుట్టుకుంది.

"మెట్టె ఉన్నసోటే ఉన్నాది. నీ సంచీ సిరగదు. ఇంక తొడుగు."

ఆ తర్వాత యంత్రం మీద దుప్పటి పడలేదు. అయితే మరదలు ఎదురుచూసింది ఆవిడ కోసం కాదు, తనతో నిలబడ్డ పిల్లల కోసం. భోజనాల వేళ అరగంట దొరికితే ఇద్దరేసి వచ్చేవారు. ఒకతె బూట్లలో కాళ్లు పెట్టుకుని ఒళ్లో టిఫిను డబ్బా తెరిచేది, రెండో ఆమె నేల మీద కూర్చుని వంతు కోసం చూసేది. "ఒసే, అయిపోనాదే నీ ఇరవై నిమిషాలు." "నీ గడియారం బేగి తిరుగుతాది కాబోలు." "మా షాపాయన ఇక్కడ సూసేడంటే ఈ బూట్లతోటే తంతాడు." ఆ నవ్వులు వీధిలోకి వినబడేవి. నేను మధ్యాహ్నం వార్తలు పంపేముందు మెట్ల మీద నిలబడి ఆ నవ్వులు వినడం కోసమే అటు మళ్లిన రోజులున్నాయి.

అది రాయాలనిపించింది. రాశాను.

ఇక్కడ మా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. వార్త రాసేటప్పుడు ముఖ్యమైనది పైన, తక్కువది కింద పెడతాం. పేజీలో చోటు చాలకపోతే డెస్కులో వార్తలు దిద్దేవాళ్లు చదవకుండానే కింది నుంచి కోస్తారు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నేర్పేది ఇదే. ఇరవై ఏళ్లు ఆ పని చేసిన నేను, నిలబడి పనిచేసేవాళ్ల కాళ్ల నొప్పులూ వాపులూ గాలి బూట్లతో ఎలా తగ్గుతున్నాయో పై పేరాల్లో హాయిగా రాసి, జాగ్రత్త మాటలన్నీ చివరి పేరాలో పెట్టాను. ఆ రోజు నగల కొట్టు ప్రకటన ఒకటి చివరి నిమిషంలో వచ్చింది. నా చివరి పేరా పోయింది. "వాపు కాళ్లకు గాలి వైద్యం" అని శీర్షిక పెట్టారు. డెస్కు వాళ్లను అనడానికి లేదు. వైద్యం కాదన్న మాట వాళ్లు కోసిన ముక్కలోనే ఉంది.

మా వైపు జిల్లాల్లో వాపు కాలు అంటే జనానికి ముందు గుర్తొచ్చేది బోదకాలు. ఏటా ఇంటింటికీ అది రాకుండా మాత్రలు పంచుతారు, ఏటా నేనే ఆ వార్త రాస్తాను. అలాంటివాణ్ని వాపు అన్న మాట రాసి, దాని కింద జాగ్రత్త కోసం చోటు మిగిలిందో లేదో చూసుకోలేదు.

వార్త వచ్చిన మర్నాడు పొద్దున తొమ్మిదికి ఫోను.

"బావా, ఒకపాలి రా."

"ఏమైంది?"

"వచ్చి సూడు."

వెళ్లేసరికి పద్దెనిమిది మెట్లూ నిండి ఉన్నాయి. గరివిడి వైపు నుంచి మొదటి బస్సులకు వచ్చినవాళ్లు. పంచె కిందికి లాక్కుని కాలు దాచుకున్న మగవాళ్లు, చీర కుచ్చెళ్లు పాదం మీదకు జార్చుకున్న ఆడవాళ్లు. ఒక్కో చేతిలో మడత పెట్టిన కాగితం ముక్క, నా వార్త. కనుబొమల కోసం వచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలు కింద నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెనక్కి వెళ్లిపోవడం నేను చూశాను. తలుపు దగ్గర మరదలు గొంతు పోయేలా చెబుతోంది.

"ఇది మందు కాదు తల్లీ. అలసిపోనోలకి హాయి కోసరం. మీ కాలికి పెట్టకూడదు."

అన్నిటికంటే పై మెట్టు మీద కూర్చున్న ముసలావిడ ఒప్పుకోలేదు. గరివిడి దగ్గర నువ్వులూ పెసలూ పండించే రైతు మనిషి. ఎడమ కాలు మోకాలి కింద మానులా ఉంది.

"పేపర్లో ఏసినారు కదమ్మా. పేపర్లో అబద్దం ఏస్తారేటి?"

మరదలు నా వైపు చూసింది.

ఆ మధ్యాహ్నమే షావుకారు పైకి వచ్చారు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "అమ్మా, నా కొట్టు ముందు నుంచి జనం తప్పుకుని పోతన్నారు. పెళ్లి సామాను కొనడానికొచ్చినోలు మెట్లు సూసి ఎనక్కి ఎలిపోతన్నారు. ఆదివారం దాకా సూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే గది కాళీ సేసెయ్యి" అన్నారు. అది బుధవారం.

ఆయన దిగిపోయాక మరదలు తాళంచెవి బల్ల మీద పెట్టి దానికేసి చూస్తూ కూర్చుంది. నాతో ఒకే మాట అంది.

"బావా, మళ్లీ నాను నిలబడలేను."

సవరణ వేయించాను. శుక్రవారం లోపలి పేజీలో, అగ్గిపెట్టెంత చోటులో వచ్చింది. వార్త చదివినవాళ్లు సవరణ చదవరు. కాగితం ముక్క దాచుకున్నవాళ్లు కొత్త పేపరు కొనరు. శుక్రవారం కూడా మెట్లు నిండాయి. ఇంక నాకు తోచిన పని ఒక్కటే. గురువారం నుంచే పొద్దున ఆఫీసుకు వెళ్లే ముందు నోటుబుక్కు పట్టుకుని కింది మెట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాను. కోసేసిన పేరా అందులో ఉంది. వచ్చినవాళ్లందరికీ అది చదివి వినిపించాను:

"ఇది వైద్యం కాదు. బోదకాలుకు ఈ బూట్లు మందు కావు. కాలికి పుండు, జ్వరం, గుండె జబ్బు, నరాల్లో రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వీటిని తొడుక్కోకూడదు."

కొందరు విని, కాసేపు కూర్చుని, బస్సుకు వెళ్లిపోయారు. కొందరు కోప్పడ్డారు. చీపురుపల్లి దాటి వచ్చిన ఒకాయన "ఈ ముక్క ముందే ఏసుంటే బస్సెక్కకపోదుము కదయ్యా" అన్నాడు.

ఆ ముసలావిడ శుక్రవారం కూడా వచ్చింది. నేను చదివాక అడిగింది.

"నువ్వేటి, రాసింది?"

"నేనే అమ్మా."

"మరి ఈ ముక్క ఎవలు తినేసినారు?"

"చోటు చాల్లేదు. బంగారం కొట్టు ప్రకటన వచ్చింది."

ఆవిడ తన కాలికేసి ఒకసారి చూసుకుంది. "అయితే బంగారం కొట్టోడు ఎక్కి నా కాలు మీద కూకున్నాడన్నమాట" అంది. పక్క మెట్టు మీదివాళ్లు నవ్వారు. ఆవిడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంతదూరం వచ్చి ఉత్తినే ఎలా వెళ్తానంది ఆవిడ. మరదలు నాకు తెలిసిన ప్రభుత్వాసుపత్రి డాక్టరుకు నా చేత ఫోను చేయించి, తనే మాట్లాడింది. కాలు చూడకుండా యంత్రం మాట ఎత్తవద్దనీ, ఆసుపత్రికి పంపమనీ, ఈలోగా రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా ఆరబెట్టి, కాలు ఎత్తులో పెట్టుకోమని చెప్పమనీ ఆయన అన్నాడు. మరదలు ఫోను పెట్టేసి, పాదాలు కడిగే తొట్టెలో నీళ్లు పోసి, ఆవిడను లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది.

"సెప్తే మర్సిపోతావు. సేసి సూపిస్తాను, సూడు."

ముడతల మధ్య సబ్బు రాసి, నీళ్లు మార్చి కడిగి, షావుకారు గారి భార్య ఇచ్చిన ఆ పాత నూలుచీర ముక్కతోనే ఒక్కో వేలి మధ్యా తుడిచింది. అన్నీ అయ్యాక ముసలావిడ కాలు పీట మీద పెట్టించుకుని, అద్దంలో తన ముఖం చూసుకుంటూ అంది:

"మా కోడలు నా పక్క సాప కూడా ఎయ్యదు తల్లీ. అంటుకుంటాదని."

"అంటుకోదు. దోమ కుడితే వస్తాది గాని ముట్టుకుంటే రాదు. ఈ పేపరాయన్ని అడుగు. ఈపాలి పైనే రాస్తాడు" అంది మరదలు.

ఆ కబురు కూడా ఊళ్లకు పాకింది. శనివారం వచ్చినవాళ్లలో సగం మంది బూట్ల కోసం కాదు, కడగడం చూడటానికి వచ్చారు. జనం తగ్గారు కానీ ఆగలేదు. ఆదివారం పొద్దున నేను మెట్ల మీద ఉండగా షావుకారు తల వంచుకుని నన్ను దాటుకుంటూ పైకి వెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను.

ఆయన గుమ్మంలో నిలబడి లోపలికి చూడకుండానే మొదలుపెట్టారు.

"అమ్మా, నానైతే సెప్పేను. ఆదివారం వచ్చీసింది. ఇంక గది..."

"గదికేటయ్యింది?"

అది మరదలు గొంతు కాదు. కిటికీ దగ్గర కుర్చీలో ఆయన భార్య. వేళ్లకు గుడ్డ చుట్టుకుని, తొడల దాకా నల్లని బూట్లలో, లేవడానికి వీల్లేకుండా బిగిసి కూర్చుని ఉంది. ఆవిడ పైకి వస్తున్న సంగతి ఆయనకు ఇన్నాళ్లూ తెలియదు. పూజ అయ్యాక, కొట్లోకి వచ్చేలోపు పురాణం వినడానికి వెళ్తున్నానని చెప్పేదట.

"నువ్విక్కడేటి?"

"కాళ్లు పీకుతన్నాయని నెల్లాళ్లు నీ సెవిలో పోరేను. విన్నావేటి? ఇక్కడ వింటన్నారు."

"కొట్టుకి జనం రావటం లేదే."

"ఎందుకు రారు? మొన్న ఆ గరివిడి ఆయమ్మ మన కొట్లోనే ఇత్తడి తపేలా కొన్నాది, కాలు కడుక్కోడానికి. బేరం సెప్పింది నానే. నువ్వు బోజనానికి ఎలిపోనావు." యంత్రం ఉస్సుమని వదిలింది. ఆవిడ ఒక నిట్టూర్పు విడిచి కొనసాగించింది. "ఈ పిల్ల గది కాళీ సేస్తే నానెక్కడికెల్లాలి? పురానానికా?"

షావుకారు ఆవిడను చూశారు, పీట మీద కాలు పెట్టుకుని కూర్చున్న ఒక పల్లెటూరి మనిషిని చూశారు, చివరికి నన్ను చూశారు. అందరిలోకీ నేనే తేలిగ్గా దొరికాను.

"అంతా మీ వల్లనే కదండీ రిపోర్టరు గారూ."

"అవునండీ" అన్నాను.

"మరైతే మీరు రోజూ ఆ మెట్ల మీద అడ్డంగా కూకోకండి. పక్కకి కూకోండి. దారుంచాలి కదా" అని దిగిపోయారు. మధ్యాహ్నం కింద కొట్లోంచి ఒక చెక్క బల్ల వచ్చింది. మెట్లు ఎక్కలేనివాళ్లు కూర్చోవడానికి, గోడవారగా వేయించారు. గది సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.

మరదలు ఆ సాయంత్రం తాళం వేసి, చెవి కొంగున ముడి వేసుకుని, మెట్లు దిగుతూ సగంలో కూర్చుండిపోయింది. ఏడుస్తోందనుకున్నాను. చెప్పులు విప్పి కాళ్లు పిసుక్కుంటోంది. "అందరి కాళ్లూ సూసేను గాని నా కాళ్లు సూసుకోలేదు బావా" అని నవ్వింది. మళ్లీ వెనక్కి వెళ్లి తలుపు తీసి, ఆమెను కూర్చోబెట్టి, జిప్పు లాగి, మీట నేనే నొక్కాను. పదినిమిషాల్లో నిద్రపోయింది.

ఆ తర్వాత నాలుగేళ్లు నాకు ఆ ఊళ్లోనే ఉద్యోగం. ఎడమ బూటుకు చిల్లి పడితే సైకిలు పంక్చర్లు వేసే అతను ముక్క అంటించి ఇచ్చాడు. అప్పటి నుంచి అది ఉస్సుమనడానికి ముందు ఒకసారి గురక పెట్టేది. భోజనాల వేళ ఆ గురకకు నవ్వే పిల్లలు మారారు, కొందరు పెళ్లిళ్లై వెళ్లారు, కొత్తవాళ్లు వచ్చారు. వార్తలో జాగ్రత్త మాట ఉంటే నేను దాన్ని రెండో పేరాలోనే రాయడం మొదలుపెట్టాను. డెస్కులో కొత్తగా చేరినవాళ్లు, ఇతనికి వార్త రాయడం రాదా అనుకునేవారు.

గరివిడి ఆవిడ నెలకొకసారి ఆసుపత్రికి వచ్చి, తిరిగి వెళ్తూ ఆ బల్ల మీద ఆగేది. కాలు పూర్వంలా కాలేదు, అవదని ఆవిడకు తెలుసు. కాలు పొంగినప్పుడల్లా వచ్చే జ్వరాలు మాత్రం తగ్గాయంది. కోడలు చాప దగ్గరగా వేస్తోందో లేదో నేనెప్పుడూ అడగలేదు. నన్ను చూస్తే మాత్రం బల్ల మీద జరిగి చోటిచ్చేది.

"సదువు బాబూ, ఆ ముక్క ఇంకోపాలి."

"నీకు నోటికి వచ్చు కదమ్మా."

"వస్తే వచ్చింది. ఏసిన ముక్క అందరూ సదివీసినారు. ఎయ్యనిది మాకే కదా సదివినావు."

నోటుబుక్కు ఎప్పుడో నిండిపోయి ఇంట్లో ఉండేది. ఆ మూడు వాక్యాలు చూడకుండానే చెప్పేవాణ్ని. ఆవిడ తల ఊపుతూ వినేది. పైన కిటికీలోంచి యంత్రం గురకపెట్టి, ఉస్సుమనేది.